పారువేట పల్లకీ మా గడప ముందు ఆగిన సాయంత్రం

దయ్యాలను నేను నమ్మను. ఈ సంగతి జరగకముందు నమ్మలేదు, జరిగాకా నమ్మలేదు. మా నాయన నంద్యాలలో మిషన్ బడి పంతులు. తాయెత్తులు, దిష్టి తీయడాలు మా ఇంటి గుమ్మం తొక్కలేదు. నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు శవాల గది పక్కనే కూర్చుని అన్నం తిన్నదాన్ని. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. చెప్పబోయేది వినేవాళ్ళకు నేను ఎలాంటి మనిషినో తెలియాలని చెప్తున్నాను.

డెబ్బైల చివర్లో నాకు ఆళ్ళగడ్డకూ అహోబిలానికీ మధ్య ఒక పల్లెలో నర్సు ఉద్యోగమిచ్చారు. ఊరి పేరు రాయను. ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఓబుళవ్వ అనే ముసలామె ఇంట్లో వీధి గది అద్దెకు తీసుకున్నాను. ఆమె కొడుకు ఓబులేసు అహోబిలం దేవుడి పల్లకీ మోసే బోయీ. వాళ్ళ వంశానికి అది తరతరాల హక్కు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళకు పారువేట అంటే ఏడాదికొకసారి వచ్చే పెద్ద పండగ. సంక్రాంతి వెళ్ళగానే నరసింహస్వామి పల్లకీలో కొండ దిగి, నెలకు పైగా పల్లె పల్లె తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి తానే జనాన్ని పిలుస్తాడు. బయల్దేరే రోజు చెంచులు పల్లకీ మీదికి బాణం వేస్తారు. చెంచుపిల్లను పెళ్ళాడాడు కాబట్టి ఆయన వాళ్ళకు అల్లుడు, ఆ మాత్రం చనువు ఉంటుంది. ఒకే పల్లకీలో రెండు విగ్రహాలు. ఒకటి హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రరూపం, ఒకటి ప్రహ్లాదుణ్ణి దీవించిన శాంతరూపం.

"పెండ్లికొడుకే వాకిలి ముందరికొచ్చి నా పెండ్లికి రాండి అని పిలిచేది ఇంక యాడన్నా ఉందా పాపా?" అనేది అవ్వ. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

పల్లకీ దిగడానికి ప్రతి ఊళ్ళోనూ ఒక అరుగు ఉంటుంది. దాన్ని తెలుపు అంటారు. మా ఊరి తెలుపు కిందవీధిలో, సరిగ్గా మా వసారా పక్కన ఉండేది. ఎప్పటి నుంచో పల్లకీ మొదట అక్కడే దిగేది.

ఆ ఏడు పైవీధి గంగన్న తన ఇంటి ముందు రాళ్ళతో కొత్త అరుగు కట్టించాడు. పల్లకీ మొదట దాని మీదే దిగాలన్నాడు. అసలు కథ దేవుడిది కాదు. అంతకుముందు వేసవిలో గంగన్న తమ్ముణ్ణి కిందవీధి వాళ్ళు కోసేసిన శనగచేలో నరికి చంపారు. ఆ శవాన్ని బండిలోకి ఎత్తేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. తల ఒకరు విడిగా పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఊళ్ళో మగవాళ్ళు నడుముకు ఏదో ఒకటి దోపుకోకుండా చెంబు పట్టుకుని కూడా వెళ్ళేవాళ్ళు కాదు.

పల్లకీ వచ్చే రోజు పొద్దున ఓబుళవ్వ కొడుకు కాళ్ళకు అడ్డం పడింది.

"ఈ పొద్దు పోవద్దురా. ఆ గంగన్న కండ్లు సూసినావా? సావుకు తెగించినోడు."

"మా తాత మోసినాడు, మా నాయన మోసినాడు. నేను రాకుంటే నా మూలకు ఎవురు భుజం పెడ్తారమా?" అని ఓబులేసు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పల్లకీ ఊళ్ళోకి వచ్చింది. డప్పులు, కొమ్ముబూరలు, టెంకాయలు పట్టుకున్న ఆడవాళ్ళు. నేను గది వాకిట్లో నిలబడి చూస్తున్నాను. పల్లకీ తెలుపు దగ్గరికి రాగానే గంగన్న మనుషులు సందులోంచి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డారు. గంగన్న చేతిలో వేటకొడవలి ఉంది.

"ఈ తూరి పల్లకీ నా అరుగు మీదనే దిగల్ల. దించుతారా, సస్తారా?"

పల్లకీ ముందు కొమ్ము భుజాన మోస్తున్న ఓబులేసు మేనమామ నరసన్న గొంతు పెంచకుండానే జవాబిచ్చాడు. "మోసేది మేమే గానీ, ఆయప్ప దిగే సోటు మేం సెప్పేది ల్యా గంగన్నా. ఈడ దిగుతాడు. ఆడికి రేప్పొద్దున వస్తాడు."

ఆ మాట పూర్తయిందో లేదో, మొదటి బాంబు పడింది. ఎవరు వేశారో ఇప్పటికీ రెండు వీధులూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటాయి. డప్పు కొట్టే దాసు మోకాలి కింద కాలు పోయింది. అతను కిందపడి కూడా డప్పును రొమ్ముకు హత్తుకునే ఉన్నాడు. టెంకాయలు, చెప్పులు, రక్తం. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరిగెత్తారు. నేను నా చీర కొంగు చించి దాసు తొడకు బిగించి కడుతున్నాను. నా తల మీదుగా కొడవళ్ళు తగులుకునే చప్పుడు వినబడుతోంది. ఒకతను చెంప తెగి, పళ్ళు బయటికి కనబడుతూ నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు.

బోయీలంతా చెదిరిపోయారు. ఓబులేసు, నరసన్న ఇద్దరే మిగిలారు. ఎనిమిది మంది మోసే పల్లకీ అది. ఓబులేసు చేతినిండా బాంబు పెంకులు గుచ్చుకుని రక్తం మోచేతి నుంచి కారుతోంది. ముందొకడు, వెనకొకడు. పల్లకీ ఒరగలేదు, కిందికి దిగలేదు. ఇది నేను నా కళ్ళతో చూశాను.

గంగన్న కొడవలి ఎత్తి ఓబులేసు మీదికి వచ్చాడు. ఓబులేసు తప్పుకోలేడు, తప్పుకుంటే పల్లకీ నేల పడుతుంది. అతను కళ్ళు మూసుకోవడం నాకు కనబడింది. అప్పుడే మా గోడ దగ్గర రెండో బాంబు పేలింది. పొగ, ఎర్రమట్టి. నేను దాసు మీద బోర్లా పడ్డాను.

తల ఎత్తేసరికి ఓబులేసు అలాగే నిలబడి ఉన్నాడు. గంగన్న అతని ముందు లేడు. తెలుపుకు ఇవతల, మా గది గడప మీద అడ్డంగా పడి ఉన్నాడు. తల లోపల, కాళ్ళు వసారాలో. మధ్యలో తెలుపు మెట్లు ఉన్నాయి, మా వసారా పిట్టగోడ ఉంది. మనిషి ఎగిరి పడితే తప్ప అక్కడికి రాడు. కొడవలి మాత్రం అతను నిలబడిన చోటే నేల మీద ఉంది. దానికి రక్తపు చుక్క లేదు.

ఆ సమయంలో పల్లకీలోంచి గర్జన వినబడిందని ఊళ్ళో చాలామంది అంటారు. నేను వినలేదు. బాంబుకు నా చెవులు గింగురుమంటున్నాయి. విననిది విన్నానని చెప్పను.

కానీ గాయం నా చేతుల్లోకి వచ్చింది. నాటుబాంబు గాయాలు నాకు బాగా తెలుసు. అంచులు నల్లగా కమిలి ఉంటాయి, లోపల మేకులు, గాజుపెంకులు దొరుకుతాయి. కొడవలి వేటుకు అంచులు బ్లేడుతో కోసినట్టుంటాయి. గంగన్న కడుపు మీద ఉన్నది ఆ రెండూ కాదు. బొడ్డు పక్కనుంచి రొమ్ము దాకా పక్కపక్కనే నాలుగు చాళ్ళు, కింది నుంచి పైకి చిరిగి ఉన్నాయి. పేగులు బయటికి వచ్చాయి. కాలిన గుర్తు లేదు, ఒక్క పెంకు లేదు. అతని బట్టల్లోంచి మందుగుండు వాసన కాక ఇంకో వాసన వస్తోంది. చిన్నప్పుడు నంద్యాలకు సర్కసు వచ్చినప్పుడు పులి బోను దగ్గర ముక్కు మూసుకున్నాను. అదే వాసన.

మర్నాడు వసారా అంతా నేనే ఊడ్చాను. గడ్డి లాగే కొక్కెం, పార, ఇనుప ముక్క, అలాంటి గాయం చేసేది ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు.

ఆ రాత్రే గంగన్ననూ దాసునూ ట్రాక్టర్లో వేసుకుని ఆళ్ళగడ్డకు బయల్దేరాం. ట్రాలీలో గడ్డి పరిచి గంగన్నను పడుకోబెట్టారు. నేను పక్కన కూర్చుని తడిగుడ్డతో కడుపు అదిమి పట్టుకున్నాను. అతనికి తెలివి ఉంది. కేకలు పెట్టడం లేదు. అదే నాకు వింతగా తోచింది.

"నర్సమ్మా, నన్ను ఒళ్ళో పెట్టుకున్నెది ఎవురు?" అన్నాడు.

"ఎవరూ లేరన్నా. గడ్డి మీద పండుకున్నావ్."

"కాదు. ఎవురిదో ఒడి. యెచ్చగా ఉండాది." మళ్ళీ అన్నాడు. "సిన్నపిల్లోని మాదిరి పెట్టుకున్యాడు."

ఆళ్ళగడ్డ దీపాలు కనబడుతుండగా ప్రాణం పోయింది. దాసు బతికాడు.

డాక్టరు గుడ్డ తీసి చూసి, "చిరుతపులి యాడ తగిలిందమ్మా ఈయనకు?" అని అడిగాడు. ఊరి నడుమ, జనం మధ్యలో అని చెప్పాను. ఆయన గుడ్డ మళ్ళీ కప్పేశాడు.

ఓబులేసు చేతిలోంచి పెంకులు తీస్తూ, ఇద్దరే అంత బరువు ఎట్లా ఆపారని అడిగాను. "ఏమో నర్సమ్మా. ఆ యాళ మోస్తాండామనే అనిపించల్యా," అన్నాడు.

ఓబుళవ్వకు మాత్రం ఏ అనుమానమూ లేదు. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటి లోపలా బయటా కాని గడప, ఆయుధం లేని చావు. హిరణ్యకశిపుడి కథే కదా అంది. నేను ఒప్పుకోలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాణ్ణే దేవుడు ఏరి చంపుతాడా, ఆ తమ్ముణ్ణి నరికినవాళ్ళను వదిలేసి? అవ్వ పల్లకీ వెళ్ళిన దిక్కుకు దణ్ణం పెట్టింది.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం గంగన్న భార్య సుబ్బమ్మ కిందవీధిలోకి ఒంటరిగా వచ్చింది. పైవీధి ఆడవాళ్ళు అప్పట్లో అటు అడుగు పెట్టేవాళ్ళు కాదు. నా గది వాకిట్లో, గడప బయట కూర్చుంది.

"మా ఆయప్ప ఆఖర్న ఏమన్నా సెప్పినాడా నర్సమ్మా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఒడి సంగతి, వెచ్చగా ఉందన్న సంగతి. భయపడుతుందనుకున్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా ఒళ్ళో పానం ఇడ్సల్యాకపోయినాడే అని ఇన్నాళ్ళు ఏడుస్తాంటి," అంది. "ఎవురిదో ఒక ఒడి ఉండె గదా."

లేచి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకు నాకు నంద్యాలకు బదిలీ అయింది. ఆ తర్వాత ఎన్నో గాయాలు కుట్టాను, కట్టాను. అలాంటిది మళ్ళీ చూడలేదు. అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.