మండపేట బోదె మీద మా అన్నయ్య స్పోర్ట్స్ కారు

రాజమండ్రి నుంచి భీమవరానికి మామూలుగా రెండున్నర గంటల ప్రయాణం. నాకు పన్నెండున్నర గంటలు పట్టింది. పాత కారు వేసుకుని గోదావరి జిల్లాల్లో తిరుగుదామనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను గానీ, ఆ రోజు జరిగింది నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. మా శామ్యూల్ అన్నయ్య ఆరేళ్ళ తర్వాత ఫోన్ చేశాడు. "బండి తీసుకురా" అన్నాడు, పెట్టేశాడు. ఎందుకు తీసుకురావాలి? అమ్మేస్తాడా? మళ్ళీ తిడతాడా? రాజీ పడదామనా? తిరిగి చేస్తే ఎత్తలేదు.

ముందు ఈ బండి సంగతి చెప్పాలి. రెండే సీట్లున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు, వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దది. అన్నయ్య భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌లో పిల్లలకి వెల్డింగ్ నేర్పి రిటైరయ్యాడు. చెన్నైలో తుక్కు కింద పడున్న దీన్ని కొని, పదకొండేళ్ళు దాని ముందు కూర్చుని బతికించాడు. ఆరేళ్ళ కిందట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అడిగి తీసుకుని రాజమండ్రి బయల్దేరాను. కొవ్వూరులో వంతెన ఎక్కకముందే ఆయిలంతా కారిపోయి ఇంజిన్ పట్టేసింది. ఫోన్ చేస్తే అన్నయ్య వచ్చి, బండి కిందకి వంగి చూశాడు. "రాయికి కొట్టి ఆయిల్ ప్యాన్ పగలగొట్టావు. ఎర్ర లైటు వెలిగినా చూసుకోలేదు. పాడుచేసినదానివి నువ్వే ఉంచుకో" అని నాతో మాట మానేశాడు. రాయి తగిలినట్టు నాకు గుర్తే లేదు. కానీ జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి అంత గట్టిగా అంటుంటే, నిజంగానే కొట్టానేమో అనుకున్నాను. ఓ షెడ్డులో ఇంజిన్ బాగుచేయించి, వారానికోసారి స్టార్ట్ చేస్తూ కాపాడుకొచ్చాను. ఈసారి గీత పడకుండా అప్పగిస్తే మళ్ళీ నాతో మాట్లాడతాడేమోనని నా ఆశంతా.

జూన్ మొదటి వారం, ఉదయం ఆరున్నరకి బయల్దేరాను. కొవ్వూరు మీదుగా వెళ్ళొచ్చు గానీ ఆ వంతెన దగ్గరికి ఈ బండితో వెళ్ళాలంటే నాకు ఇప్పటికీ భయం. అందుకని ద్వారపూడి, మండపేట మీదుగా వెళ్ళి రావులపాలెం దగ్గర హైవే ఎక్కుదామనుకున్నాను. మండపేట దాటాక రైసుమిల్లుల వరుస దగ్గర, ఎనిమిది కావస్తుండగా, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఒకటి. ముందున్న ధాన్యం లారీ దాని మీద ఊగుతూ పోయింది, అయినా నాకు బుర్ర వెలగలేదు. కింద ధన్‌మని చప్పుడు. ఎర్ర లైటు వెలిగిందో లేదో, వెంటనే ఇంజిన్ కట్టేశాను. దిగి చూస్తే రోడ్డు మీద నల్లటి ధార. "అయిపోయింది, ఇంక నా మొహం కూడా చూడడు" అని పైకే అనేశాను.

ఆ దారిన పోతున్న ట్రాక్టరతను తాడు కట్టి లాక్కెళ్ళి సత్తిబాబు గారి షెడ్డు ముందు వదిలాడు. సత్తిబాబు గారికి యాభై ఏళ్ళుంటాయి, రైసుమిల్లు సామాను, ట్రాక్టర్లు బాగుచేస్తారు. నేల మీద బోర్లా పడుకుని బండి కిందకి చూసి, "ఛాంబర్ పోయిందండి" అన్నారు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ ప్యాన్‌ని ఇక్కడి మెకానిక్కులంతా ఛాంబర్ అనే అంటారు.

"కొత్తది ఎక్కడ దొరుకుతుందండీ? కాకినాడలోనా, విజయవాడలోనా?"

"దీనికి ఎక్కడా దొరకదండి. రేకు కోసి మనమే చేసేద్దామండి."

"చేసేస్తారా!"

"ఆయ్. మిల్లుల్లో ధాన్యం పోసే పెద్ద పెద్ద తొట్లే చేస్తామండి, ఇదెంతండి."

నమ్మాలో వద్దో తెలియలేదు. పైగా బండి కింద దూరడానికి పిట్ ఏదని అడిగితే షెడ్డు పక్కనున్న పంట బోదె చూపించారు. పొలాలకి నీళ్ళు పారే సిమెంటు బోదె అది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనక ఎండిపోయి ఉంది. "రెండు నెలలూ మా పిట్ ఇదేనండి" అన్నారాయన. నలుగురు చేరి తోశారు. ఎడమ చక్రాలు ఓ గట్టున, కుడి చక్రాలు ఇంకో గట్టున. అన్నయ్య పదకొండేళ్ళు తుడిచి తుడిచి పెంచిన బండి అలా బోదె మీద కాళ్ళు చాపుకుని నిలబడితే, నాకు ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు.

"నీళ్ళు ఎప్పుడొదులుతారండీ?" అని అడిగాను, బెదురుగా.

"రేపండి" అన్నారు సత్తిబాబు గారు.

మోపెడ్ మీద వెళ్తున్న రైతు ఒకాయన ఆగి, "రేపేంటి? ఇవాళ మధ్యాహ్నమే" అన్నాడు. కాలువ చూసుకునే లస్కరుకి ఫోన్ చేస్తే, "నిన్ననే వదిలేశారు కదండీ, ఇంకా రాలేదా?" అని ఎదురు మమ్మల్నే అడిగాడు.

పదింటికి ఛాంబర్ ఊడింది. సత్తిబాబు గారు దాన్ని గట్టు మీద తిరగేసి, స్క్రూడ్రైవర్‌తో నల్ల రంగు గీకారు. రంగు కింద పసుపుపచ్చగా ఒక గీత తేలింది.

"ఈ సొట్ట ఇవాల్టిదండి. ఈ అతుకు మాత్రం పాతదండి. పగుల్లో ఇత్తడి పోసి అతికారు. చెయ్యి మంచిదేనండి, లోపల జిడ్డు సరిగ్గా తుడవకుండా అతికేశారు. అందుకే అంచు లేచిపోయింది. దానిమీద ఇంకెవరో బంక పూసి రంగేసేశారు."

"ఆరేళ్ళ కిందట రాయి తగిలి పగిలిందండి అది" అన్నాను, అలవాటైన మాట కదా.

"రాయి తగిలితే సొట్ట పడాలి కదండీ. ఇక్కడ సొట్టేదండీ? రాయీ లేదు ఏమీ లేదు, అతుకు ఊడి కారిపోయిందండి."

గట్టు మీద అలాగే కూలబడ్డాను. బంక పూసి రంగేసింది నేను ఇంజిన్ బాగుచేయించిన షెడ్డువాళ్ళయి ఉంటారు, అది సరే. మరి ఇత్తడి పోసిందెవరు? చెన్నైలో అమ్మినవాడా? అయితే అన్నయ్యకీ తెలియకపోవచ్చు. లేక అన్నయ్యేనా? అతనే అయితే తెలిసే నన్ను అన్నాడా? ఫోన్ తీసి, అతని పేరు దాకా వెళ్ళి, మళ్ళీ లోపల పెట్టేశాను. మండపేటలో హోటలుకి వెళ్ళి భోజనం చేశాను గానీ ఏం తిన్నానో గుర్తులేదు.

తిరిగొచ్చేసరికి కొత్త ఛాంబర్ ఆకారానికొచ్చింది. పాతదాన్నే అచ్చుగా పెట్టి రేకు కోసి, మడిచి, వెల్డింగ్ చేసి, బోల్టుల బెజ్జాలు వేశారు. బయట సుద్ద పూసి లోపల డీజిల్ పోసి అరగంట ఉంచారు. సుద్ద తడవలేదంటే కారడం లేదన్నట్టు. సత్తిబాబు గారు బోదెలో కూర్చుని దాన్ని బిగించడం మొదలుపెట్టారు, మూడున్నరకి దూరంగా ఎవరో "నీళ్ళొస్తున్నాయ్!" అని కేకేశారు. ఎండుటాకులు, ప్లాస్టిక్ సీసాలు ముందు తోసుకుంటూ ఎర్రనీళ్ళు వచ్చేశాయి.

"పైకి వచ్చేయండి బాబూ!" అని అరిచాను.

"ఇంకా ఆరు బోల్టులేనండి, మీరు గాభరా పడి నన్ను గాభరా పెట్టకండి."

మోకాళ్ళ దాకా తడిసి ఆరూ బిగించాకే లేచారు. నాలుగు లీటర్ల ఆయిల్‌తో కలిపి నాలుగువేల ఆరువందలైంది. పొద్దున్నే ఎవరైనా ఇంతలో అవుతుందంటే నవ్వేదాన్ని. పాత ఛాంబర్ గోనెసంచిలో చుట్టి, పక్క సీటు కింద పెట్టుకుని, నాలుగుముప్పావుకి కదిలాను. జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం వంతెన, పెనుగొండ, మార్టేరు. దారి పొడుగునా అన్నయ్యతో మనసులోనే పోట్లాడాను. ఒక ఊళ్ళో అతనిది తప్పనిపించింది, పక్క ఊరొచ్చేసరికి పాపం అనిపించింది.

ఏడింటికి భీమవరం చేరాను. అన్నయ్య గేటు తీసి నిలబడ్డాడు. జుట్టంతా నెరిసిపోయింది. సంచిలోంచి ఛాంబర్ తీసి చేతిలో పెట్టాను.

"స్పీడ్ బ్రేకర్‌కి కొట్టేశాను అన్నయ్యా. కొత్తది చేయించాను. తిట్టేదుంటే తిట్టేయ్."

అతను సొట్ట వైపు చూడనే లేదు. తిరగేసి, వెతుక్కోకుండా బొటనవేలు సరిగ్గా ఆ ఇత్తడి గీత మీద పెట్టాడు.

"చూశావా?"

"చూశాను. ఎవరేశారది?"

"నేనే. నువ్వు బండి తీసుకెళ్ళడానికి నెల ముందు."

"ఊడింది అదేనని నీకెప్పుడు తెలిసింది?"

"కొవ్వూరులో కిందకి వంగి చూడగానే."

"మరి నన్నెందుకన్నావు అన్నయ్యా?"

"పాతికేళ్ళు పిల్లలకి అతుకు వేయడం నేర్పినవాణ్ణి. నా అతుకే ఊడిందని ఎలా చెప్పుకోను? నీ మీదకి తోసేశాను. బండి కింద నిన్ను కూర్చోబెట్టి, చూపించి చెబుదామని రమ్మన్నాను. ఫోన్లో నోరు రాలేదు."

"ఆరేళ్ళు!" అని అరిచాను, ఎదురింటివాళ్ళు బయటికొచ్చేంత గట్టిగా. అన్నయ్య తల వంచుకుని నిలబడ్డాడు. వదిన వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. ఏడుస్తూనే చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నాను.

విచిత్రం ఏంటంటే, తప్పు నాదే అనుకున్న ఆరేళ్ళూ నాకు అన్నయ్య మీద కోపం లేదు. తప్పు నాది కాదని తెలిశాకే మొదలైంది. అది ఎప్పుడు పోతుందో, అసలు పోవాలని నాకుందో లేదో తెలియదు. ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. నేను ఎత్తుతున్నాను, అంతవరకూ సరే. ఇక పాత బండితో బయల్దేరేవాళ్ళకి ఒకే ఒక్క సలహా. దారిలో ఏది మార్పించినా, విప్పిన పాత సామాను ఎంత జిడ్డుగా ఉన్నా షెడ్డులో వదిలేయకండి, వెంట తెచ్చుకోండి. అది తెచ్చుకోకపోతే, చూపించి అడగాల్సినవాళ్ళని అడగడానికి నా దగ్గర ఇంకేం ఉండేది కాదు.