వద్దనే హక్కు

నా వియ్యపురాలంటే నాకు కుళ్ళు. ఈ మాట నేనెప్పుడూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు, ఆవిడకు కూడా తెలిసే ఉంటుంది. ఆవిడది జూబ్లీ హిల్స్‌లో మూడంతస్తుల ఇల్లు. నాది ఫిల్మ్ నగర్‌లో రెండు గదుల ఫ్లాటు, సినిమాల్లో అమ్మ వేషాలకు ఏళ్ళ తరబడి డబ్బింగ్ చెప్పి కొనుక్కున్నది. ఇల్లు చూసి కుళ్ళుకునే మనిషిని కాదు నేను. ఆ ఇంట్లో నా మనవడు ఉన్నాడు, అదీ సంగతి.

కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అది ఆనవాయితీ, కాదనను. అయిదో నెలలో మంచిరోజు చూసి పిల్లాణ్ణి మా ఇంటికి తీసుకురావాలి, అది కూడా ఆనవాయితీయే. కానీ మా పై ఫ్లాటులో పాత గోడలు పగలగొడుతున్నారు, దుమ్ము పడదని ఒకసారి, ఎండలు ముదిరాయని ఇంకోసారి వాయిదా వేస్తూ వచ్చారు. గ్రాఫిక్స్ చేసే మా అబ్బాయి ఆఫీసు కూడా అటే కావడంతో వాడూ మెల్లగా అక్కడే చేరాడు. ఆదివారాలు నేను ఆటో ఎక్కి వెళ్ళి, గేటు దగ్గర వాచ్‌మన్ మారినప్పుడల్లా "బాబుకి నానమ్మను" అని చెప్పుకుని, కాసేపు మనవణ్ణి చూసుకుని వచ్చేదాన్ని.

వాడు నన్ను చూసి నవ్వేవాడు. కానీ ఎత్తుకోగానే మెడ తిప్పి అమ్మమ్మ ఎక్కడుందా అని వెతికేవాడు. ఆవిడ దగ్గరికొస్తే చాలు, నా భుజం మీంచి అటు దూకేసేవాడు. ఆవిడ మొహమాటంగా నవ్వుతూ అందుకునేది. ఆ మొహమాటం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. కాస్త గర్వం చూపించినా ఇంటికొచ్చి హాయిగా తిట్టుకునేదాన్ని.

పుట్టినప్పుడు ఆస్పత్రిలో వేసినవి తప్ప వాడికి ఇంకే టీకా వేయించకూడదని కోడలు నిర్ణయించుకుంది. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. దాని స్నేహితురాలి కొడుక్కి టీకా వేయించిన కొన్నాళ్ళకు మాటలు ఆలస్యమయ్యాయట. ఆ రెండింటికీ సంబంధం లేదని డాక్టరు ఎంత చెప్పినా దాని భయం పోలేదు. ఫోనులో అలాంటి తల్లులే పోగైన గ్రూపులు కొన్ని ఉన్నాయి, పొద్దున లేస్తే వాటిలోనే తల దూర్చేది. మా అబ్బాయి సరేనని తల ఊపాడు.

నేను మాత్రం దీని వెనక వియ్యపురాలే ఉందని తేల్చేసుకున్నాను. ఆ ఇంట్లో నీళ్ళు రాగి బిందెలో, నూనె గానుగది, జలుబు చేస్తే కషాయం. ఇంకేం రుజువు కావాలి? ఒక ఆదివారం ఆవిడ ఎదురుగానే అడిగేశాను.

"వాడికి నోరు లేదు కదరా. వాడి బదులు వద్దనడానికి మీకెవరిచ్చారు హక్కు?"

"మేం తల్లిదండ్రులం అమ్మా," అన్నాడు మా అబ్బాయి. "ఇది డబ్బింగ్ థియేటర్ కాదు, కాస్త మెల్లగా మాట్లాడు."

"తండ్రివైతే రేపు వాడికొచ్చే జబ్బు నువ్వు తెచ్చుకుంటావా?"

"అత్తమ్మా, మేం ఊరికే అంటలేం," అంది కోడలు. "అన్నీ చదివినం. మా బాబు గురించి డెసిషన్ మాది."

నేను వియ్యపురాలి వైపు తిరిగి, "మీరేమంటారు వదినగారూ?" అన్నాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "నేనేమంట వదినా, పిల్లల ఇష్టం," అంది. దొరికిపోయిందనుకున్నాను.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే నాకు కోడలి మీద కూడా కుళ్ళేనని అర్థమైంది. నా కొడుకు పుట్టినప్పుడు వాడికి ఏం పట్టాలో, ఎప్పుడు నీళ్ళు పోయాలో, ఏ డాక్టరుకు చూపించాలో అంతా మా అత్తగారే చెప్పేవారు. టీకా వేయించమన్నదీ ఆవిడే. నన్నెవరూ అడగలేదు. నేను కోడలిగా ఉన్నప్పుడు అత్తగారిది రాజ్యం, నేను అత్తగారినయ్యేసరికి కోడలిది రాజ్యం. మధ్యలో నా వంతు ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. ఈ పిల్ల పెదవి విప్పి "వద్దు" అంటే ఇల్లంతా ఆగిపోతోంది. అంత గట్టిగా వద్దనడం ఎలా ఉంటుందో నా జన్మలో నేనెరగను.

ఆ తర్వాత ఒక శనివారం మనవణ్ణి మొదటిసారి మా ఇంటికి తీసుకొచ్చి రోజంతా నా దగ్గర వదులుతామన్నారు. వాడికి తొమ్మిదో నెల నిండింది. నేను పరదాలు ఉతికించాను, పదునైనవన్నీ అటక మీద పెట్టించాను. ఇంతలో మా కింది ఫ్లాటులో పాపకు తట్టు పోసింది. ఆ కబురు మా అబ్బాయికి నేనే చెప్పాను, చెప్పకుండా ఎలా ఉంటాను? వెంటనే కోడలు ఫోన్ చేసింది.

"బాబుకు టీకాలు లేవు కదా అత్తమ్మా, రిస్క్ తీసుకోలేం. ఇప్పుడు ఆడికి తీస్కరాం."

"లేవని భయమున్నప్పుడు వేయిస్తే పోలా తల్లీ?" అన్నాను.

"మళ్ళా అదే మాటనా?" అని పెట్టేసింది.

అంటే టీకా వేయించనిది వాళ్ళు, మనవడు దక్కనిది నాకు. వాడు మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే. ఆ రోజంతా నేను వియ్యపురాల్ని అనని మాట లేదు.

బుధవారం మా వీధి చివరి బస్తీ దవాఖానాలో పిల్లలకు టీకాలు వేస్తారు. అమ్మానాన్నా వద్దన్నా నానమ్మ తీసుకొస్తే వేస్తారా అని నర్సును అడుగుదామని వెళ్ళాను. వాణ్ణి ఎలా తెస్తానో, ఏమని తెస్తానో ఇంకా ఆలోచించలేదు. లోపల బెంచీ మీద ఒకావిడ మాస్కు పెట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, పిల్లాణ్ణి ఆడిస్తోంది. పిల్లాడు నన్ను చూసి నవ్వాడు. నా మనవడి నవ్వు నాకు తెలియదా?

"వదినా, అరవకుండ్రి," అంది వియ్యపురాలు. "జర కూసోండ్రి. దండం పెడ్త."

నేను బెంచీ మీద ఆవిడ పక్కనే కూలబడ్డాను.

"మొదటి నుంచి నేనే ఏపిస్తున్న. బిడ్డకు తెల్వది, అల్లునికి తెల్వది. పార్కుకు తీస్కపోతున్న అని చెప్పి తెస్త. పెద్దాస్పత్రికి పోతే మావోళ్ళెవరన్న చూస్తరని గీడికొస్తున్న."

"మరి ఆ రోజు పిల్లల ఇష్టం అన్నారు?"

"గట్ల అనకపోతే పిలగాన్ని నా చేతికిస్తదా వదినా?"

నేను అరుస్తూ ఉన్న ఆ నెలలన్నీ ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ పని కానిచ్చేసింది. నేను అడుగుదామని వచ్చిన పనిని ఆవిడ ఎప్పుడో మొదలుపెట్టేసింది. సంతోషించాలి కదా? మనవడికి టీకాలు పడ్డాయి, అంతకంటే కావలసిందేముంది? నాకు మాత్రం మళ్ళీ కుళ్ళే. మనవడూ ఆవిడ దగ్గరే, ధైర్యమూ ఆవిడదేనా?

ఇది తట్టు రాకుండా వేసే సూది. మా వంతు రాగానే ఆవిడ వెనక్కి తగ్గింది. "నాకు చూడ బుద్ధి గాదు. ప్రతిసారి నర్సమ్మే పట్టుకుంటది. ఇయ్యాల మీరు పట్టుకోండ్రి," అంది. వాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేతులు కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. వాడు మెత్తగా, వెచ్చగా నా పొట్టకు ఆనుకుని నా మొహంలోకి చూశాడు. సూది దిగగానే అలా చూస్తూనే గుక్క పట్టాడు. తర్వాత నన్ను కాళ్ళతో తన్ని అమ్మమ్మ మీదికి దూకాడు.

వారం పదిరోజులకు కాస్త జ్వరం రావచ్చు, ఒళ్ళు ఎర్రబడొచ్చు, భయపడొద్దని నర్సు చెప్పింది. బయటికొచ్చాక వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని ఎవరికీ చెప్పొద్దంది. సరేనన్నాను.

తల్లిదండ్రులకు టీకా వద్దనే హక్కు ఉండాలా అని ఎవరైనా అడిగితే ఉండకూడదనే అంటాను. పిల్లాడి ఒళ్ళు వాళ్ళ సొంత స్థలమేం కాదు, పక్కింటి పసివాళ్ళ సంగతి కూడా చూడాలి. అలాగని అమ్మమ్మా నానమ్మా కొంగు కప్పుకుని దొంగచాటుగా వేయించాల్సిన పనీ కాదిది. రేపు కోడలికి తెలిస్తే దానికొచ్చే కోపాన్ని నేను తప్పు పట్టలేను. కన్నతల్లి చేతిలో మోసపోయానని ఏడుస్తుంది.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే వెళ్ళి వాణ్ణి చూసి వచ్చాను. నన్ను చూసి నవ్వలేదు. మరో మూడు రోజులకు కోడలు వీడియో కాల్ చేసింది. దాని మొహం పాలిపోయి ఉంది.

"బాబుకు జ్వరం వచ్చింది అత్తమ్మా. మెడ కాడ ఎర్రగ అయ్యింది. డాక్టర్‌కు చూపిచ్చినం, రెండు రోజులు చూద్దామన్నడు. మీరొచ్చి పోయినంకనే వచ్చింది. మీ బిల్డింగ్‌ల నుంచే అంటుకున్నట్టుంది. కొన్ని రోజులు ఇటు రాకుండ్రి."

కోపంగా అనలేదు, భయపడుతూ అంది. వెనకాల వియ్యపురాలు వాణ్ణి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"గట్ల కాదు బిడ్డా," అని నోరు తెరిచింది. "గది..."

నేను ఊరుకుంటే చాలు, ఆవిడ చెప్పేసేది. నా మీద నింద పోయేది. కోడలు ఆవిడ భుజం మీంచి పిల్లాణ్ణి లాక్కుని, ఆ కోపంలో నా దగ్గరికే తెచ్చేదేమో కూడా. ఇవన్నీ క్షణంలో నా బుర్రలో తిరిగాయి. కానీ వాడికి వేయించాల్సినవి ఇంకా ఉన్నాయి. అవి వేయించగలిగేది ఆవిడే, నేను కాదు.

"అవును తల్లీ," అని ఆవిడ మాటకు అడ్డుపడ్డాను. "నాదే తప్పు. రాకుండా ఉండాల్సింది."

వియ్యపురాలు కళ్ళు తుడుచుకుని వాడి వీపు నిమిరింది. వాడు ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసి నిద్రపోయాడు.