అప్పగించాక ఐదు నిమిషాలు

చిట్కుల్ బాలరాజ్ విమానాశ్రయం టవర్‌లో కంట్రోలర్. డ్యూటీ దిగేటప్పుడు ఏ విమానం ఎంత ఎత్తులో ఉందో, ఏది దిగబోతోందో తర్వాతి మనిషికి ఒక్కొక్కటే చెబుతాడు. వచ్చినతను అదంతా విని తిరిగి చెప్పాకే బాలరాజ్ హెడ్‌సెట్ తీస్తాడు. ఆపైన ఐదు నిమిషాలు, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కుర్చీ వెనకే నిలబడతాడు. అది అక్కడి నియమం.

పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ నడిపే తమ్ముడు శివకుమార్ మాత్రం షిఫ్టు అయిపోగానే బండెక్కేవాడు. "గట్ల ఉరుక్కుంట వస్తవేందిరా? వచ్చినోనికి సమజైందో లేదో జెర నిలబడి సూడు" అని బాలరాజ్ రోజూ పోరేవాడు. "మా తాన విమానాలు ఎగుర్తయా అన్నా?" అని తమ్ముడు నవ్వేవాడు. పోరు పడలేక, మొన్న వేసవిలో తనూ ఐదు నిమిషాలు నిలబడటం మొదలుపెట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు అప్పగించాడు. రెండు గంటల నాలుగు నిమిషాలకు రియాక్టర్ పేలి అతనూ, షిఫ్టు తీసుకున్నతనూ ఇద్దరూ పోయారు. శివకుమార్ గేటు దాటి ఉండాల్సిన వేళ అది.

దినాలనాడు మరదలు సునంద ఒక్కమాటే అంది: "నువ్వు చెప్పినవనే నిలబడ్డడు బావా."

మళ్లీ డ్యూటీకి వెళ్లిన రోజు బాలరాజ్ అన్నీ వరసగా అప్పగించాడు. "నేను సూసుకుంట, ఇగ నువ్వు పో" అన్నాడు కుర్చీలోని మనిషి. బాలరాజ్ కదల్లేదు. నాలుగో నిమిషం దాటేదాకా ఆ కుర్చీ వీపును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.