చేటెడు తవుడుకు కొన్న బిడ్డ

సిద్దమ్మ నన్ను చేటెడు తవుడు పోసి కొనుక్కుంది. అప్పటికి నేను పుట్టి పదకొండు రోజులు. నాకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. ఒకడు వడదెబ్బకు, ఒకతె జ్వరానికి, ఇంకొకడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డను వేరే తల్లికి అమ్మేస్తే నిలుస్తుందని మావైపు నమ్మకం. ఆత్మకూరు బజారువీధిలోని మా అంగడికి కందులు చెరగడానికి వచ్చే సిద్దమ్మకు నలుగురు పిల్లలు, నలుగురూ గుండ్రాళ్ళలా ఉన్నారు. అందుకే మా అమ్మ రాజ్యలక్ష్మమ్మ ఆమెను పిలిచింది. ఆమె తవుడు పోస్తే అమ్మ కొంగు పట్టింది. నన్ను ఒకసారి ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, పెంచి ఇస్తానని చెప్పి మళ్ళీ తీసుకుంది. పారేసిన ఎంగిలి పుల్లాకు అనుకునేట్టు నాకు పుల్లమ్మ అని పేరు పెట్టారు.

అమ్మడమైతే అమ్మింది గానీ, ఆ తరువాత నన్ను ఎవరి చేతికీ ఇవ్వలేదు. గడప దాటనివ్వలేదు. ఎండ తగిలితే సుస్తీ, గాలి తగిలితే దగ్గు, నలుగురి కళ్ళు పడితే దిష్టి. మా మిద్దెలోకి వెలుతురు వచ్చేది నడింటి పైకప్పులో వదిలిన గవాచి కంతలోంచే. అందులోంచి పలకంత ఎండ నేలమీద పడి, పొద్దుతోపాటు గోడదాకా జరిగేది. దాని వెంట నేనూ కూర్చునే జరిగేదాన్ని. అదే నా ఆట. ఐదేళ్ళు వచ్చేసరికి నా కాళ్ళు వంకర తిరిగాయి. పదడుగులు వేస్తే ఆయాసం. ఏడుపు ఒక్కటే గట్టిగా ఉండేది.

మా నాయన అనంతయ్య నన్ను బస్సులో కర్నూలుకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఎముకలు మెత్తబడ్డాయి, చేపనూనె తాగించండి, ఎండలో వదిలిపెట్టి ఆడుకోనివ్వండి, ఇట్లాగే దాచిపెడితే ఇంకో రెండేళ్ళకు లేచి నిలబడదు అన్నాడాయన. చేపనూనె అనగానే అమ్మ చెవులు మూసుకుంది. చీమను తొక్కడానికి వెనుకాడే శెట్ల ఇంట్లోకి అది ఎట్లా వస్తుంది? ఎండ మాట వినేసరికి ఏకంగా ఏడ్చేసింది. నాయన అంగట్లో కాటా దగ్గర ఎంత గట్టివాడో ఇంట్లో అంత మెత్తన. డాక్టరు రాసిచ్చిన చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక సిద్దమ్మ. ఆమె మొగుడు నారికురుపుతో కాలు వాచి మంచంలో ఉండేవాడు. ఊరికి రెండు మైళ్ళ అవతల, నల్లమల వైపు, రెండెకరాల మెట్టచేను. పొద్దున చేను, సాయంత్రం మా దొడ్లో చెరుగుడు, ఇంటికి పోతే మొగుడి కాలు కడిగి కట్టు కట్టడం. మా దొడ్లో కూర్చున్నప్పుడు చేట ఆడుతూనే ఉండేది, ఆమె కళ్ళు మాత్రం మూతలు పడేవి. ఆమె తీరిగ్గా కూర్చోగా నేను చూడలేదు. అంత అలిసిన మనిషి ఒకనాటి పొద్దున మా గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"పాపను ఇట్లీయమ్మా. సేనికాడికి తీసకపోతాండా."

"మతి పోయిందా సిద్దమ్మా? ఆ ఎండకు దానికేమన్నా అయితే?" అంది అమ్మ.

"ఈడుంటే ఏమయితాదో డాక్టరు సెప్పినాడు గదా. కొనుక్కునింది నేను. నా బిడ్డ. నువ్వు పెంచుతాండావంతే. అది గూడా సరిగ్గా పెంచకపోతివి."

ఆ కొనుగోలును కాదంటే నా ప్రాణం నిలవదని అమ్మ నమ్మకం. నా నెత్తికి తడిగుడ్డ చుట్టి, పెరుగన్నం మూట కట్టి నన్ను అందించింది. నాకేమన్నా అయితే సిద్దమ్మను ఊరు బతకనివ్వదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నెత్తిమీద కూటిగంప, నడుముమీద నేను. ఆమె ఊపిరి బరువుగా నా చెవి పక్కనే ఆడేది. చేను పక్కన నీళ్ళులేని వంక, వంక నిండా ఇసుక. మొదట్లో నన్ను అక్కడ కూర్చోబెట్టి ఆమె పనిలోకి పోయేది. నేను ఇసుకలోకి కాళ్ళు దూర్చి పిచ్చుకగూళ్ళు కట్టేదాన్ని. తొలివానకు ఎర్రటి ఆరుద్ర పురుగులు వస్తే వాటి వెంట పాకాను. పాకి పాకి, కంపచెట్టు పట్టుకుని లేచాను. సిద్దమ్మ పిల్లలు రేగుపండ్లు దూరంగా పట్టుకుని, వస్తేనే ఇస్తామని ఏడిపించేవారు. తిట్టుకుంటూ పోయేదాన్ని. నా పెరుగన్నం వాళ్ళు తినేవారు, వాళ్ళ కొర్రన్నం నేను తినేదాన్ని. ఈ సంగతి అమ్మకు చాలా ఏళ్ళు చెప్పలేదు.

నడుమ ఒకసారి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. అమ్మ సిద్దమ్మ మొహం చూడలేదు. సిద్దమ్మ చేను వదిలేసి మా దొడ్డి మెట్టుమీద అలాగే కూర్చుంది. ఐదోనాడు జ్వరం తగ్గగానే లోపలికి వచ్చి, ఏమీ అడగకుండా నన్ను ఎత్తుకుని బయలుదేరింది. ఆమె భుజం ఎముకలు నాకు గుచ్చుకున్నాయి.

"నాలుగడుగులు నడుస్తావా పాపా? నడుము ఇరిగిపోతాంది," అనేది దారిలో. నాలుగు నడిచి చేతులు చాచేదాన్ని. విసుక్కునేది, ఎత్తుకునేది. సంక్రాంతి దాటేసరికి సగం దారి నేనే నడుస్తున్నాను.

జొన్న కోత ముగిసిన రోజు పెందలాడే ఇంటిదారి పట్టాం. ఆ రోజు నేను ఎత్తుకోమని అడగలేదు. ఊరు కనబడుతుండగా సిద్దమ్మ ఆగింది. "కాళ్ళు రావడంల్యా పాపా. రవ్వంతసేపు," అని దారిపక్క మట్టిలోనే కూర్చుని, గంపకు తల ఆనించి, అట్లాగే నిద్రపోయింది. చుట్టుపక్కల చెట్టు లేదు. పడమటి ఎండ ఆమె మొహం మీద పడుతోంది. నా నీడ ఆమె మొహం మీదికి వచ్చేట్టు జరిగి నిలబడ్డాను. ఆమె మొగుడు పడుకున్నాడు, నేను మోయించుకున్నాను, ఆమె పడుకోవడం ఇదే మొదలేమో అనిపించి నాకు ఏడుపొచ్చింది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మేము ఇంకా రాలేదని బజారు దాటి ఎన్నడూ రాని మా అమ్మ, గొడుగు పట్టుకుని, రొప్పుతూ వచ్చింది. నెత్తిన గుడ్డ లేకుండా ఎండలో నిలబడిన నన్ను చూసి కేక పెట్టబోయింది. "మెల్లగా అమ్మా," అన్నాను. అమ్మ నా కాళ్ళ వైపు చూసింది. చూస్తూ చూస్తూ దగ్గరికి వచ్చి, గొడుగును సిద్దమ్మ మీదికి పట్టింది.

నీడ మారేసరికి సిద్దమ్మ ఉలిక్కిపడింది. "పాప యాడ?" అంటూ లేవబోయింది.

అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "నీ బిడ్డ నిలబడుకోనుండాది సిద్దమ్మా. నువ్వు పండుకో."