గొరిల్లా పాఠం చెప్పనీకి అమీర్‌పేట పోయొచ్చిన

మా జనగామ కాలేజీల జువాలజీ గ్రూపు ఎత్తేసినంక నాలుగు నెలలు ఇంట్లనే కూసున్న. అమీర్‌పేట కోచింగ్ సెంటరోళ్ళు డెమో క్లాసుకు రమ్మంటే, పొద్దుగాల ఆరుంబావు ప్యాసింజర్ ఎక్కిన. గొరిల్లాల గుంపుల పెత్తనం ఎట్ల నడుస్తదో చెప్పాలె. ఇది సుత చెయ్యి జారితే ఇగ పాఠాలు చెప్పుడు బందే.

ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌ల దిగి, ఇడ్లీ తిని, మెట్రో ఎక్కిన. గా టైంల సీటు మీద ఆశ పెట్టుకోకుండ్రి. పక్కన నిలబడ్డ ఆంధ్ర ఆవిడ నా చేతిల చార్టు చూసింది.

"ఇవి రోజూ కొట్టుకుంటాయాండీ?"

"లేదండి. వీపు తెల్లబడ్డ పెద్ద మగది తేరిపార చూస్తే చాలు, మిగిలినవి తల దించుకుంటయ్. మాట వినకుంటే దగ్గినట్టు గుర్రుమంటది."

"మా మేనేజరూ అంతేనండీ, దగ్గితే చాలు" అని నవ్వింది.

అమీర్‌పేటల దిగి పంజగుట్ట దిక్కు పది నిమిషాలు నడిచిన. సెంటర్ మూడో అంతస్తుల, లిఫ్ట్ ఖరాబు. పదింటికి క్లాసు మొదలుపెట్టిన. లెక్చరర్ పరీక్షకు చదివే పిల్లలు, మస్తు శ్రద్ధగ విన్నరు. తినేటప్పుడు అవి చేసే మెల్లటి మూలుగు చేసి వినిపిస్తే పకపక నవ్విండ్రు. పానం లేచొచ్చింది.

చివరికి అడిగిన: "ఛాతి మీద దేనితోని కొట్టుకుంటది?"

"అరచేతులతోని మేడమ్, దొప్పలెక్క వంచి" అన్నది ముందు బెంచీ పిల్ల. నేను చెప్పిందే.

తలుపు కాడ నిలబడ్డ డైరెక్టర్ సార్ గట్టిగ నవ్విండు. "పిడికిళ్ళతోని! సినిమాలల్ల చూడలేదా?"

"కాదు సార్, మేడమే ఇప్పుడు..."

"ఏం మేడమ్?" అని నా దిక్కు సూటిగ చూసిండు.

నేను తల దించుకున్న.

"సార్ చెప్పిందే రాసుకోండ్రి" అన్న.

ఆ పిల్ల రాసుకున్నది కొట్టేసింది. పదకొండున్నరకు ఆఫీసుల, "సోమవారం నుంచి రండి, మీరు మాకు సెట్ అయితరు" అన్నడు సార్.

పంజగుట్టల అన్నం తిన్న గాని రుచి తెల్వలే. రెండింటికి మెట్రో మెట్ల కాడ ఆ పిల్లనే ఎదురొచ్చింది. "మేడమ్, పరీక్షల ఏది రాయాలె?"

"అరచేతులు" అన్న, ఎవ్వరికి ఇనవడకుండ.

"మరి అందరి ముంగట నాదే తప్పన్నట్టు ఎందుకు చేసిండ్రు?"

బండికి టైమైతున్నదని మెట్లెక్కిన. జనగామ బండిల సీటు దొరికింది గాని కూసోబుద్ధి కాలే. ఇంటికి ఫోన్ చేసి ఉద్యోగం వచ్చిందన్న, అందరు సంబురపడ్డరు. సోమవారం మళ్ళ ఆ పిల్ల ముంగటనే చాక్‌పీస్ పట్టుకోవాలె. థూ, ఏం బతుకు నాది!