బీరువాలో ఉండిపోయిన మనిషి

పద్నాలుగేళ్లుగా నాది కాని దానికి నాకు చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు నాకు ఇష్టం. అందుకే ఇన్నాళ్లూ ఈ బరువు దించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అలాగైతేనే ఈ మాట చెప్పడం నా చేత అవుతుంది.

మస్కట్ అవతల సహం అనే ఊరి దగ్గర ఒక నిర్మాణ కంపెనీలో ఇనుము లెక్క చూస్తాను. ఏ పిల్లరుకు ఎన్ని చువ్వలు, ఏ చువ్వను ఎక్కడ కోయాలి, ఎక్కడ వంచాలి అనే పట్టిక రాసేది నేనే. పదో తరగతి తప్పాను. చువ్వలు మోసే రోజుల్లో ఇంజనీర్లు పారేసిన కాగితాలు ఏరుకుని ఈ పని నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నా పట్టిక వల్ల చువ్వ తక్కువ పడిందని సైట్ నుంచి ఒక్క ఫోను రాలేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

మా పనివాళ్ల క్యాంపులో ఏటా ఒక శుక్రవారం నాటకం ఆడతాం. ఏటా అదే నాటకం. దూరాన ఉన్న సూర్ నుంచి, నిజ్వా నుంచి కూడా మనవాళ్లు బస్సెక్కి వచ్చి చూస్తారు. దాన్ని నేను రాశానని అందరూ అనుకుంటారు. నేను రాయలేదు.

రాసింది వాల్టర్ ట్రిమ్‌లెట్ అనే ఇంగ్లిషాయన. ఎప్పుడో పోయాడు. బతికినంతకాలం నవ్వు నాటకాలే రాశాడు. దాక్కునే మొగుళ్లు, తప్పు గదిలోకి వచ్చే అత్తలు, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే తలుపులు. స్వదేశం వెళ్లిపోయిన ఒక ఇంగ్లిషు ఇంజనీరు సైట్ ఆఫీసులో వదిలేసిన పెట్టెలో ఆయన పుస్తకం దొరికింది. తెరిచిన పేజీలో మాటలకంటే రాకపోకలే ఎక్కువ కనిపించాయి. ఎవరు ఏ తలుపు నుంచి వస్తారు, ఎవరు ఏ తలుపు నుంచి పోతారు. నాకు తెలిసిన భాష అది. ముందుమాట వదిలేసి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్క నాటకం పదకొండు నెలలు చదివాను.

చదువుతూ పట్టిక వేశాను. లోపలికి ఎన్నిసార్లు, బయటికి ఎన్నిసార్లు. తెర పడేటప్పుడు వేదిక మీద ఉన్నవాళ్లను కలిపినా ఒక మనిషి లెక్క తేలలేదు. రెండో అంకంలో పాదిరీ బీరువాలో దాక్కుంటాడు. ఇక బయటికి రాడు. మూడుసార్లు సరిచూశాను. ఇంగ్లిషాయన మరిచిపోయాడు, నేను పట్టుకున్నాను అనుకున్నాను. ఆ రోజు నేల మీద నడిచినట్టు లేదు.

పాదిరీని ఫోర్‌మన్‌ను చేశాను. లండన్ ఇంటిని మస్కట్ విల్లాగా మార్చాను. కాంక్రీటు పోతకు వాడే షట్టరింగ్ ప్లైవుడ్‌తో అయిదు తలుపులు చేయించాను. వేషగాళ్లలో చదువు రానివాళ్లకు, ఇనుము కట్టలకు కట్టినట్టే, నంబరు బిళ్లలు కట్టాను. బిళ్ల మీద ఏ నంబరుంటే ఆ తలుపు. చివర్లో అందరూ రాజీపడి ఫోటోకు నిలబడ్డాక బీరువా తెరుచుకుంటుంది. ఫోర్‌మన్ చెమట తుడుచుకుంటూ వచ్చి, "డ్యూటీ అయిపోయిందా?" అంటాడు. మొదటి ఆటలో ఆ నవ్వు నలభై సెకన్లు ఆగలేదు. వాచీ చూశాను.

ఆట అయ్యాక నర్సయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జగిత్యాల వైపు మేస్త్రీ, నాకంటే పదేళ్లు పెద్ద. భార్య వేషం అతనిదే. ఇంకా చీర విప్పలేదు.

"తమ్మీ, గీ ఆట ఎక్కడికెల్లి తెచ్చినవే?"

"తెచ్చుడేందన్నా. నేనే రాసిన."

"పది తప్పినోనివి, నువ్వు రాసినవా?"

"తప్పింది ఇంగ్లిషుల. లెక్కలల్ల గాదు."

"గట్లనే అనుకున్న. గింత నవ్వు ఇంగ్లిషోల్లకు ఎక్కడిది?" అని, కొంగు నడుముకు చెక్కుకుని లేచి, అన్నం దగ్గర కూర్చున్నవాళ్లతో, "ఇనుండ్రి, ఇది మనోడే రాసిండు" అన్నాడు.

ఎందుకలా అన్నాను? పేరు కోసమా? ఒక తప్పు దిద్దినంత మాత్రాన నాటకం నాదవుతుందా? ఇంజనీర్లు గీసిన కట్టడాల బొమ్మల్లో ఎన్నో పొరపాట్లు పట్టుకున్నాను, ఏ బొమ్మ కిందా ఎవరూ నా పేరు రాయలేదు, ఈసారి నేనే రాసుకున్నాను. అలా సమర్థించుకున్నాను.

రెండేళ్ల తర్వాత ముందుమాట చదివాను. ట్రిమ్‌లెట్ మొదట నటుడట. మొదటి వేషం బీరువాలో దాక్కునే నౌకరు. ఆట పొడుగైందని నాటకశాల మేనేజరు అతను బయటికి వచ్చే ఘట్టం కోసేశాడు. అన్ని ఆటల్లోనూ అతను తెర పడేదాకా లోపలే నిలబడి, జనం ఎక్కడ నవ్వుతున్నారో చెక్క గుండా వింటూ, నాటకం కట్టడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ తర్వాత రాసిన ప్రతి నాటకంలోనూ ఒక మనిషిని కావాలనే లోపల వదిలేశాడు. అదే ఆయన సంతకం.

మరుపు కాదు. తప్పు దిద్దాననుకుని నేను సంతకం చెరిపాను. అదీ ఎవరిది? నాలాగే ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాడిది. అప్పుడైనా చెప్పవచ్చు కదా. చెప్పలేదు. ముందుమాట ఉన్న ఆ నాలుగు కాగితాలూ, ఆయన పేరున్న అట్టా చింపి క్యాంపు వంటగది పొయ్యిలో పెట్టాను. అబద్ధం చెప్పింది ఆ సంతకం సంగతి తెలియక అనుకోవచ్చు. కాల్చింది మాత్రం తెలిసే.

అయినా ఒక మాట. బీరువా తెరుచుకోవడం నాది. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ గర్వమే. సిగ్గు దాన్ని తగ్గించలేదు, అది సిగ్గును తగ్గించలేదు. ఈ రెండింటినీ ఎలా కూడాలో నాకు తెలియదు.

నర్సయ్య వచ్చే నెల వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడు. ఊళ్లో ఆడిస్తానని నాటకం ప్రతి అడిగాడు. "పైన నీ పేరు పెద్దగ రాయి, తమ్మీ. మావోల్లకు సూపెడ్త" అన్నాడు. నిన్న ప్రతి పూర్తయింది. రచన అన్న చోట వాల్టర్ ట్రిమ్‌లెట్ అని రాశాను, చెరపడానికి వీల్లేకుండా పెన్నుతోనే.

కానీ నర్సయ్యకు చదువు రాదు. శుక్రవారం ఆ ప్రతి చేతికిచ్చినప్పుడు ఆ పేరు నేనే చదివి వినిపించాలి. అతను ఏమంటాడో నాకు తెలియదు. మీకు చెప్పడం మాత్రం అయింది.