ఇద్దరున్న సీసా

లెక్కల టీచర్ని. జవాబు తేలని లెక్కంటే నాకు చిరాకు. మా తమ్ముడి లెక్క ఒకటి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మూడేళ్ల క్రితం వాడికి నా కిడ్నీ ఒకటి ఇచ్చాను. వాడికి హనుమాన్ జంక్షన్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. "సెకండ్ హ్యాండ్ పార్టుకి గ్యారంటీ ఉండదక్కా" అని నన్నే ఏడిపించేవాడు. మొన్న వేసవిలో వాడి క్రియాటినిన్ పెరిగింది. శరీరం ఆ కిడ్నీని తిప్పికొడుతోందేమో, సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీ చెయ్యాలి, ఆలస్యమైతే కిడ్నీ పోతుంది అన్నారు బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో డాక్టర్ గారు. వాడు ససేమిరా అన్నాడు. "నడిచే ఇంజన్ని ఎవడన్నా విప్పుతాడా?" అంటాడు. నాకు ఒళ్లు మండింది. నా కిడ్నీ మీద వీడి మొండితనమేమిటి?

అక్కడే పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మా ఇద్దరి యూరిన్ అడిగింది. కిడ్నీ కణాలు కంటికి ఆనని పొట్లాలు వదులుతాయట, అవి యూరిన్‌లో కొట్టుకొస్తాయట. "వెసికిల్స్ అంటామండీ. ఎవరి కణం వదిలిందో, లోపల ఏం జరుగుతోందో వాటిలో ఆనవాళ్లుంటాయి. సూది లేకుండానే జబ్బు కనిపెట్టొచ్చేమోనని చూస్తున్నాం." ఆ 'ఏమో'ని నేను వినిపించుకోలేదు. సూది తప్పిందనుకున్నాను.

పొద్దున మొదటిసారి వచ్చిన యూరినే కావాలంది గనక, వాడు ముందురోజే కొండపల్లిలో మా ఇంటికొచ్చాడు. తెల్లారాక ఇద్దరం సీసాలు నింపి, స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి, ఐసు డబ్బా పక్కన పెట్టాం. మా అమ్మకి శుభ్రం పిచ్చి. తడిగుడ్డతో రెండు సీసాలూ తళతళలాడేలా తుడిచి డబ్బాలో సర్దింది. ఆటోలో డబ్బా మూత తీసి చూస్తే సీసాల మీద పేర్లు లేవు.

"ముదురు రంగుది నాదే."

"కాదురా, నాది."

ఆటోడ్రైవర్ అద్దంలోంచి వింతగా చూశాడు. అసలు రెండూ నా కిడ్నీల్లోంచి వచ్చినవే కదా, ఇంక నీదీ నాదీ ఏమిటి అనుకునేసరికి నా బుర్ర తిరిగిపోయింది.

సిగ్గు చంపుకుని ఆ అమ్మాయికి చెప్పాను. "పర్లేదు మేడమ్, పొట్లాలే చెప్తాయి" అని నవ్వి తీసుకుంది. పది రోజులకి ఇద్దర్నీ పిలిచింది.

"ఒక సీసాలో ఒక్కరే ఉన్నారండీ, మీరు. రెండో దాంట్లో ఇద్దరున్నారు. మీ కిడ్నీ వదిలినవీ, సార్ మూత్రాశయం వదిలినవీ కలిసి ఉన్నాయి. అది సార్‌ది."

"మరి కిడ్నీ బాగుందా?"

"అది చెప్పేంత మేం ఇంకా నేర్చుకోలేదండీ. బయాప్సీ చెయ్యాల్సిందే."

ఎవరిదో చెప్పగలవు గానీ ఎలా ఉందో చెప్పలేవా అని ఆ పిల్ల మీద అరిచాను. పాపం, తల దించుకుంది. నిజానికి నాది కోపం కాదు, భయం.

తమ్ముడు మెల్లగా అడిగాడు. "మూడేళ్లయినా అది ఇంకా అక్కదేనా?"

"కణాలు ఆవిడవేనండీ, ఎప్పటికీ."

వాడు లేచెళ్లి బయాప్సీ కాగితం మీద సంతకం పెట్టేశాడు. నాకేం అర్థం కాలేదు. నా కిడ్నీరా అని నెల రోజులు నేను మొత్తుకుంటే వినలేదు గదా!

మర్నాడు లోపలికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో వేళాకోళమాడతాడనుకున్నాను.

"నాదనుకున్నన్నాళ్లూ పోతే పోనీలే అనుకున్నానక్కా. నీదాన్ని పోనివ్వను."

తలుపు మూశారు. బయాప్సీలో చూస్తే, శరీరం కిడ్నీని తిప్పికొట్టడం అప్పుడప్పుడే మొదలైందట, మందులు మార్చారు, క్రియాటినిన్ దిగింది. వాడు మళ్లీ షాపులో కూర్చుంటున్నాడు. అన్నాళ్లూ వాడు పోతే పోనీ అనుకున్నది కిడ్నీనా, తన ప్రాణాన్నా? ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ మాట అడగలేక, మందులేసుకున్నావా అని అడిగి పెట్టేస్తున్నాను.